తాళం మూత

మొరాయించే కారు షెడ్డుకి వస్తే కాశిం మేస్త్రి బానెట్టు ఎత్తడు. ముందు డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూర్చుంటాడు. "ఎక్కడ ఆగిందో అక్కడిదాకా పోనీయ్" అంటాడు. ఆ చోటు రెండు మైళ్లున్నా సరే, ముప్పై మైళ్లున్నా సరే. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లు అరిగిన మనిషి, ఎండనక వాననక ఎవరి బండిలోనో ఊరేగి, అది ఆగిపోయిన చోట దిగి, అప్పుడు చొక్కా చేతులు మడుస్తాడు. అద్దంకిలో ఈ అలవాటు మీద జోకులకి కొదవ లేదు. మేస్త్రికి షికార్ల పిచ్చి పట్టిందనీ, ఇంట్లో బీబీతో పడక ఇట్లా తిరుగుతున్నాడనీ అనేవాళ్లు. అనేవాళ్ల నోటికి తాళమెవడు వేస్తాడు! ఆయన వినీ విననట్టు ఊరుకునేవాడు.

ఆయన శిష్యుడు ఏసుపాదం. పద్నాలుగేళ్లుగా అక్కడే పని నేర్చి, ఇప్పుడు షెడ్డు మొత్తం తానే నడుపుతున్నాడు. పనిమంతుడే, అందులో అనుమానం లేదు. పైగా కొత్త బండ్ల జాతకం చెప్పే కంప్యూటర్ మిషనొకటి కొన్నాడు. దాని వైరు బండికి తగిలిస్తే, రోగమేదో అద్దం మీద అక్షరాల్లో వస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం ట్రావెల్స్ వాళ్ల కారొకటి వచ్చింది. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని డ్రైవరు చెప్పాడు. ఏసుపాదం మిషను తగిలించాడు, ఏ తప్పూ చూపించలేదు. గంటసేపు ఇంజను తిప్పాడు, చెవి ఒగ్గి విన్నాడు, ఒక్క దగ్గు లేదు. ఈలోగా ఓనరు ఫోను మీద ఫోను. బండిలో ఏమీ లేకపోతే ఆ మాట ఒక్కటి చెప్పమనీ, డ్రైవర్ని ఈ పూటే మాన్పిస్తాననీ అంటున్నాడు. ఆ డ్రైవరేమో షెడ్డు బయట పాత టైరు మీద కూర్చుని, తన గురించి ఏం తేలుస్తారా అని లోపలికి చూస్తున్నాడు.

ఏసుపాదం మేస్త్రి దగ్గరకొచ్చాడు. "మేస్త్రీ, మిషను తప్పు లేదంటోంది. నా చెవీ తప్పు లేదంటోంది. ఆగిపోతోందనేది వాడొక్కడే. రెండు సాక్ష్యాలకి ఎదురు ఒక నోరు. బండి బాగానే ఉందని ఓనరుకి చెప్పేయటమేగా? ఇంతకీ ఎవర్ని నమ్మాలి?" అని అడిగాడు.

"ఇట్టా కూర్చో" అన్నాడు కాశిం మేస్త్రి. ఆయన చెప్పింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నేను వరసలో పెట్టి చెబుతున్నాను.

ఇది ముప్పై ఏళ్ల పైమాట. అప్పటికి కాశింకి నలభై నిండలేదు. అద్దంకి చుట్టుపక్కల ఏ కారు దగ్గినా, తుమ్మినా "కాశింకి చూపించండి" అనేవాళ్లు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని రోగం చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు. తప్పేది కాదని ఊరంతా అంటుంటే ఆ మాట అతనికి మహా తియ్యగా ఉండేది. ఎవరికి ఉండదు?

దానికి తోడు నిజాయితీపరుడని ఇంకో పేరు. షెడ్లో బండి వదిలితే పెట్రోలు మాయమవుతుందని ఆ రోజుల్లో జనానికి ఒక అపనమ్మకం. అందుకని కాశిం తన గురువు దగ్గర నేర్చిన పద్ధతినొకదాన్ని ప్రాణంలా పాటించేవాడు. బండి రాగానే, బానెట్టు ముట్టుకోకముందే, యజమాని ఎదట ట్యాంకు మూత తీసి పక్కనున్న స్టూలు మీద పెట్టేవాడు. గీతలు గీసిన కర్రపుల్లని ట్యాంకులో ముంచి, పెట్రోలు ఏ గీత దగ్గరుందో చూపించేవాడు. ఆ పుల్లకి గుడ్డ చుట్టి ట్యాంకు నోట్లో అట్లాగే ఉంచేవాడు. పనంతా అయ్యాక యజమాని చూస్తుండగా మళ్లీ తీసి చూపించి, అప్పుడే మూత పెట్టేవాడు. ఎన్నేళ్లయినా, ఎవరి బండయినా ఈ తంతు తప్పలేదు.

ఊళ్లో అంకమ్మరావు గారని పొగాకు వ్యాపారి. సీజన్లో వారానికి రెండు మూడుసార్లు ఒంగోలులో పొగాకు వేలానికి వెళ్లాలి. ఆయనకో అంబాసిడర్ కారు, దానికో డ్రైవరు మాలకొండయ్య. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంటి చాకిరీ. అంకమ్మరావు పెళ్లికి బండి తోలింది అతనే, వాళ్లమ్మగారిని ఆఖరిసారి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లిందీ అతనే. బీడీ ముక్క కూడా ఎరగడు. అటువంటి మనిషి ఉండగా, డ్రైవర్లు గొట్టం పెట్టి పెట్రోలు లాగేస్తున్నారని ఎవడో పుణ్యాత్ముడు అంకమ్మరావు చెవిలో ఊదాడు. ఆయన మద్రాసు వెళ్లినప్పుడు ట్యాంకుకి తాళం మూత కొని తెచ్చి బిగించాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. "నీ మీద అనుమానం కాదు మాలకొండయ్యా, లోకం మంచిది కాదు" అన్నాడు. మాలకొండయ్య నవ్వి ఊరుకున్నాడు. అయినా అనుమానం లేనివాడు తాళమెందుకు వేస్తాడు, నాకు తెలియక అడుగుతాను!

ఆ సీజన్లోనే పీడ మొదలైంది. వేలానికి బయల్దేరే ముందు అంకమ్మరావు దగ్గరుండి ట్యాంకు నింపించి, తాళం వేసుకుని ఎక్కేవాడు. సగం దారిలో, ఎవరూ వాడని, పొగాకు కాల్చే పాత బ్యారనొకటి ఉన్న మలుపులో, కారు నాలుగుసార్లు దగ్గి ఆగిపోయేది. మాలకొండయ్య దిగి ప్లగ్గులు తుడిచేవాడు, వైర్లు కదిలించేవాడు. ఏం చేసినా లాభం ఉండేది కాదు. అరగంట గడిచేసరికి, ఏమీ ఎరగని నంగనాచిలా దానంతటదే స్టార్టయ్యేది. అప్పటికి వేలంలో మేలురకం పొగాకు బేళ్లన్నీ పైవాళ్ల పాలయ్యేవి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం చచ్చినా ఆగేది కాదు. వెళ్లేటప్పుడే ఆగుతుంది, అదీ ఒకే చోట ఆగుతుంది. ఎదటి వ్యాపారెవడో మాలకొండయ్య చెయ్యి తడిపాడని అంకమ్మరావుకి అనుమానం పుట్టింది. అనుమానం ఒకసారి పుట్టాక దానికి మేత ఎవరూ వేయక్కర్లేదు.

రెండుసార్లు కారుని కాశిం దగ్గరికి తెచ్చారు. రెండుసార్లూ అంకమ్మరావు మొలతాడు నుంచి తాళంచెవి తీసి ఇచ్చాడు, కాశిం మూత తీసి స్టూలు మీద పెట్టాడు, పుల్ల ముంచాడు, ఇంజను తిప్పాడు. నిక్షేపంలా తిరిగింది. మొదటిసారి కార్బొరేటరు కడిగాడు, రెండోసారి పెట్రోలు పంపు మార్చాడు. "ఇక ఆగదు" అని రెండుసార్లూ మాటిచ్చాడు. రెండుసార్లూ అదే మలుపులో ఆగింది. తన చెయ్యి పడ్డాక కూడా బండి ఆగటమా అని కాశింకి తల కొట్టేసినట్టయింది.

మూడోసారి అంకమ్మరావు ఊరి పెద్దల్ని నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "తేల్చు కాశిం. బండిలో రోగముంటే చెప్పు, ఇంజను మార్చమన్నా మారుస్తా. లేదంటే రోగం వీడిలో ఉన్నట్టు" అన్నాడు. మాలకొండయ్య రెండు చేతులూ జోడించి కాశిం ముందు నిలబడ్డాడు.

"మేస్త్రీ, నీకు దణ్ణం పెడతా. ఒక్కసారి నా పక్కన కూర్చుని ఆ మలుపుదాకా రా. అక్కడ ఆగకపోతే నువ్వేమంటే అదే."

వెళితే పోయేదేముంది, ఒక పూట. కానీ కాశింకి అది పూట సంగతిగా తోచలేదు. నలుగురి ఎదట డ్రైవరు పిలిస్తే లేచి వెళ్లటమంటే, తన చెవి చాలదని ఒప్పుకున్నట్టే అనిపించింది. నాడి చూసే హకీము రోగి వెంట ఊళ్లు తిరుగుతాడా అనుకున్నాడు. "ఎక్కడికీ అక్కర్లేదు, ఇక్కడే తేలుద్దాం" అన్నాడు. మూత తీసి స్టూలు మీద పెట్టి, పుల్ల ముంచి, గుడ్డ చుట్టి, స్టార్టు చేశాడు. ఒంగోలు పోయి రావటానికి పట్టేంతసేపు, మూడు గంటలు, పెద్దమనుషులు సోడాలు తాగుతుండగా ఇంజను తిరిగింది. తడబాటు లేదు, తత్తరపాటు లేదు. స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని విన్నాడు, తృప్తిగా తలాడించాడు. అంకమ్మరావు "ఏమంటావ్?" అన్నాడు.

"ఇంజనుకి నాలుక లేదు రావుగారూ, అబద్ధమాడటానికి. నాలుకున్నోళ్ల సంగతి నాకు తెలీదు" అన్నాడు కాశిం.

నలుగురూ ఘొల్లున నవ్వారు. మాట బాగా పడిందని కాశింకి కూడా సంతోషమేసింది. ఆ సంతోషం గురించి చెప్పేటప్పుడు ముసలాయన మొహం ఎటో తిప్పుకున్నాడు. మాలకొండయ్య ఒక్కడే నవ్వలేదు. బండి తాళాలు రెండు చేతులతో అంకమ్మరావుకి అందించి, రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేశాడన్న పేరు వస్తే ఏ డ్రైవరుకైనా ఇంక స్టీరింగు దొరకదు. మాలకొండయ్యకీ దొరకలేదు. లారీల వాళ్లు వద్దన్నారు, ట్రాక్టరు వాళ్లు కూడా వద్దన్నారు. ఇంట్లో ఏం జరిగిందో కాశింకి తెలియదు, తెలుసుకోవాలని అతనికి తోచనూ లేదు. ఆ సీజన్లో మిగిలిన నాలుగు వేలాలకీ అంకమ్మరావు భాగస్తుడి కారులో వెళ్లాడు. అంబాసిడరు ఊళ్లో చిన్నాచితకా పనులకి తిరుగుతూ మూడు నెలలు ఏ గొడవా లేకుండా గడిపింది. చూశారా, ఆ మనిషి పోగానే బండి ఎట్లా దారికొచ్చిందో అని జనం అన్నారు.

తర్వాత ఒకరోజు అంకమ్మరావు మేనల్లుడు శేషగిరి బ్యాంకు పని మీద తనే కారు తోలుకుంటూ ఒంగోలు బయల్దేరాడు. మామయ్య అలవాటు ప్రకారం ట్యాంకు నింపించి, తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకుని ఇంట్లో ఉండిపోయాడు. సామాన్లు కొనటానికి కాశిం కూడా ఒంగోలు వెళ్లాల్సి ఉండి, బస్సు ఛార్జీ కలిసొస్తుందని ఆ కారే ఎక్కాడు. డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు. పాత బ్యారను కనిపించింది. కారు దగ్గింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సరిగ్గా మలుపులో ఆగింది.

కాశిం దిగి బానెట్టు ఎత్తాడు. పంపు దగ్గర గొట్టం ఊడదీసి చూశాడు. ట్యాంకు నిండా పెట్రోలు, గొట్టంలో చుక్క లేదు. అలవాటు కొద్దీ పుల్ల ముంచుదామని వెనక్కి నడిచి మూత మీద చెయ్యి వేశాడు. తాళం! చెవి అద్దంకిలో అంకమ్మరావు నడుముకి ఉంది. ఇన్నేళ్లలో మూత తీయకుండా బండిని చూడాల్సి రావటం అతనికి అదే మొదలు. చెయ్యి అట్లాగే ఆ మూత మీద ఉండిపోయింది. డిక్కీలోంచి ఉలీ సుత్తీ తీసుకుని తాళం పగలగొట్టాడు. మూత కదిలిందో లేదో, బుస్సుమని బయటి గాలి లోపలికి దూసుకుపోయింది. వెళ్లి, ఊడదీసిన గొట్టం బిగించి, స్టీరింగు దగ్గర తాళం తిప్పితే, ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

మూతని తిప్పి వెలుతురుకి పెట్టి చూశాడు. మామూలు మూతకి గాలి పోవటానికి సన్నటి బెజ్జం ఉంటుంది. దొంగల్ని ఆపటానికి చేసిన ఈ మూతకి అది లేదు. నూనె డబ్బాకి ఒకవైపే బెజ్జం కొడితే నూనె దిగదని, రెండోవైపు కూడా కొట్టాలని వంటింట్లో ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. పెట్రోలు తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవాలి, పోయే దారి లేదు. నిండు ట్యాంకుతో సగం దారి వచ్చేసరికి బండికి ఊపిరాడక ఆగుతోంది. అరగంటకి ఏ సందులోంచో కాస్త గాలి చొరబడితే కదులుతోంది. వచ్చేటప్పటికి ట్యాంకులో ఖాళీ పెరిగి, అందులో గాలి చేరి ఉంటుంది కాబట్టి ఇల్లు చేరుతోంది. ఇక షెడ్లో ఎందుకు ఆగుతుంది? మూడుసార్లూ తన చేతులతోనే మూత తీసి స్టూలు మీద పెట్టాడు కదా, తాను దొంగ కాదని చూపించుకోవటానికి! రోగాన్ని పక్కన పెట్టి, ఆరోగ్యంగా ఉందని సాక్ష్యం చెప్పాడు.

సామాన్లూ లేవు, ఒంగోలూ లేదు. ఎదురొచ్చిన బస్సెక్కి అద్దంకి వచ్చాడు. పగిలిన మూత అంకమ్మరావు చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాడు. "పెద్దల్ని పిలిపించండి. తప్పు నాదని అందరి ముందూ చెబుతా. మాలకొండయ్య ఏ పాపం ఎరగడు" అన్నాడు.

అంకమ్మరావు మూతని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ సంగతి ఎప్పుడో తేలిపోయిందయ్యా. వాడే ఒప్పుకున్నాడు. నెల కిందట వచ్చి, మా వసారాలో నలుగురి ముందు నా కాళ్లు పట్టుకుని, ఆశపడ్డాను, తప్పయిపోయిందని ఏడ్చాడు. పాతమనిషి, పోన్లెమ్మని గోడౌన్లో బేళ్లు మోసే పనిచ్చా. చెయ్యనోడు ఎందుకు ఒప్పుకుంటాడు చెప్పు?" అన్నాడు. "మూత పోతే పోయిందిలే, ఈసారి బెజ్జం ఉన్నది చూసి వేయి" అని కూడా అన్నాడు.

కాశిం గోడౌనుకి పరుగెత్తాడు. పొగాకు ఘాటు గొంతులో కొడుతోంది. మాలకొండయ్య నెత్తిన గోనెసంచి మడతపెట్టుకుని, బేళ్ల వరస పక్కన నిలబడి ఉన్నాడు. మూడు నెలల్లో పదేళ్లు మీదపడ్డ మొహం. కాశిం మూత సంగతి చెప్పాడు. అతను శ్రద్ధగా విన్నాడు, "అట్టాగా, బెజ్జం లేదా" అన్నాడు. ఇంకెవరి బండి గురించో విన్నట్టు విన్నాడు.

"మరి చెయ్యనిది చేశానని ఎందుకు ఒప్పుకున్నావయ్యా?" అని కాశిం అతని భుజాలు పట్టుకుని కుదిపాడు.

"రెండు నెలలు చెయ్యలేదనే చెప్పా మేస్త్రీ. మా ఆడదాని ముందు ప్రమాణం చేశా. పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి చెప్పా. 'మూడు గంటలు తిప్పి కాశిం మేస్త్రే తేల్చాడంట గదా' అంది. నా ఒట్టు కన్నా నీ మాట బరువైంది. పిల్లోడు నాతో మాట్లాడటం మానేశాడు. చేశానని చెప్పిన రోజున అందరి మొహాలూ తేటపడ్డయి. ఇంట్లో పిలిచి అన్నం పెట్టారు. ఈ పనీ దొరికింది."

"పద, ఇప్పుడే పద. ఊరందరి ముందూ నేను చెబుతా. నా చెప్పుతో నేనే కొట్టుకుంటా."

"వద్దు మేస్త్రీ. తప్పు చేసినోణ్ణయితే ఆయన క్షమించాడు. చెయ్యనోణ్ణయితే క్షమించలేడు. నా మొహం చూసినప్పుడల్లా ఆయనకి ఆ మూతే కనపడుద్ది. రేపీ మూట కూడా ఉండదు." నెత్తి మీది గోనెసంచి సర్దుకుని మళ్లీ అన్నాడు. "చేశాను చేశానని అందరికీ చెప్పీ చెప్పీ, ఒక్కోసారి నాకే అనుమానమొస్తది. ఆ మలుపులో యాక్సిలేటరు మీంచి కాలేమన్నా నేనే తీశానేమోనని. నువ్వింక పో, మేస్త్రీ. మేనేజరు చూస్తున్నాడు."

బేలుని నెత్తికెత్తుకోవటానికి అతను వంగితే, కాశిం ఒక చెయ్యి వేయబోయాడు. మాలకొండయ్య ఆ చేతిని మెల్లగా తప్పించి, తనే ఎత్తుకుని వెళ్లిపోయాడు. కాశిం ఆ మాట ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని అతను అడిగినందుకు చెప్పలేదో, చెప్పకపోతే తన పేరు నిలబడుతుందని చెప్పలేదో, ఆ సంగతి ఇన్నేళ్లయినా తనకే తేలలేదని ముసలాయన అన్నాడు.

ఏసుపాదం జేబులో ఫోను మోగింది. ట్రావెల్స్ ఓనరు. మోగి మోగి ఆగేదాకా దాన్ని అట్లాగే వదిలేశాడు. బయట టైరు మీద కూర్చున్న డ్రైవరు ఆ మోతకి లేచి నిలబడ్డాడు. ఏదో ఒకటి అనకపోతే బాగుండదని, మెకానిక్కుకి సహజంగా వచ్చే ప్రశ్నే ఏసుపాదానికి నోట్లోకి వచ్చింది.

"ఆ బండి మళ్లీ ఎప్పుడన్నా ఆగిందా మేస్త్రీ?"

"లేదురా" అన్నాడు కాశిం మేస్త్రి. "ఇంకో పదేళ్లు తిరిగింది. బాగుపడింది అదొక్కటే."